హృద్రోగ చికిత్సయు గ్రామపు పద్దుపుస్తకమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో ముచ్చటింతునని వారు తలచి యుందురు. పదవ తరగతితో చదువు చాలించిన నాకు కవిత్రయముతో పరిచయము కలిగించినది ఈ గ్రంథాలయపు బీరువాలే గావున ఆ తలంపు సహజమే. కాని నేడు నేనెన్నుకొన్న విషయము వేఱు. గుండెజబ్బు గలవారికి పట్నపు పెద్దాసుపత్రిలో గాక, ఇంటికి దగ్గఱనున్న మొదటి మెట్టు వైద్యమునందు ఎట్టి ఏర్పాటు జరుగవలెను అనునదియే నా ప్రసంగ విషయము.

నేను వైద్యుడను గాను. సహకార సంఘములో లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో ఆ పదవులు రద్దయినవి గాని, పద్దు వ్రాయు అలవాటు మాత్రము మా యింట రద్దు కాలేదు. మందుల గుణము వైద్యులే చెప్పవలెను. అయితే వైద్యమునకు సయితము ఒక లెక్క కలదు. ఆ లెక్క తప్పినచోట మందు ఎంత మంచిదైనను ఫలింపదు. ఆ లెక్కను గూర్చి మాటలాడుటకు నాకు కొంత అర్హత కలదని భావించి ఈ సాహసమునకు పూనుకొన్నాను.

గుండెజబ్బు పట్నవాసుల జబ్బు, కూర్చుండి తినువారి జబ్బు అని మనలో ఒక నమ్మకము పాతుకొని యున్నది. ఆ నమ్మకమును మన గోదావరి పల్లెలే అబద్ధము చేసినవి. 2003–04 సంవత్సరములలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకు చెందిన 45 గ్రామములలో పరిశోధకులు ఒక మంచి పని చేసిరి. ఏ యింట మరణము సంభవించినను ఆరోగ్య కార్యకర్తలు ఆ యింటికి వెళ్లి, చనిపోయినవారి కడపటి దినముల లక్షణములను అడిగి వ్రాసికొనిరి. ఆ వ్రాతలను వైద్యులు పరిశీలించి మరణకారణమును నిర్ణయించిరి. అట్లు లెక్కకు వచ్చిన మరణములు 1354. వానిలో నూటికి 32 గుండెపోటు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ సంబంధమైన జబ్బుల వలన కలిగినవే. కలరా, మలేరియా, క్షయ అని మనము పూర్వము భయపడుచుండిన అంటురోగములు అన్నియు కలిసినను ఈ సంఖ్యకు చాలలేదు. నాగలి పట్టినవాడును, నారు నాటినదియు, వల వేసినవాడును ఈ జబ్బునకు లోనగుచున్నారని ఆ పద్దు మనకు చెప్పుచున్నది.

మఱి ఈ జబ్బు స్వభావమెట్టిది? జ్వరము వచ్చును, పోవును. ఎముక విఱుగును, అతుకుకొనును. గుండె రక్తనాళములలో పట్టిన క్రొవ్వు మాత్రము అట్టిది కాదు. పట్నమునకు వెళ్లి స్టెంటు వేయించుకొన్నవాడు జబ్బు నయమైనదని తలచి ఇంటికి వచ్చును. నిజమునకు నాడు జరిగినది మూసికొనిపోయిన ఒక త్రోవను తెఱచుట మాత్రమే. రక్తము గడ్డకట్టకుండ ఆస్పిరిన్ వంటి మందు, క్రొవ్వును తగ్గించుటకు స్టాటిన్, రక్తపుపోటునకును గుండె భారమును తగ్గించుటకును వైద్యులు వ్రాసిన ఇతర మాత్రలు, ఇవి ఏండ్ల తరబడి సాగవలెను. పొగాకు మానవలెను. ఉప్పు తగ్గవలెను. రోజునకు మనిషికి ఐదు గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ జాడీ చుట్టు తిరుగు మన భోజనమునకు ఇది కఠినమైన నియమమే. పెద్దాసుపత్రిలో వైద్యము నాలుగు దినములు, తరువాత మిగిలినది నలుబదియేండ్లు. ఆ నలుబదియేండ్లును రోగి ఎవరి చేతిలో నున్నాడు? ఇదియే నా ప్రశ్న.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, ఉపచారము చేయువాడు, రోగి. నాలుగింటిలో ఏది కుంటువడినను చికిత్స నడువదు. మనకు వైద్యుడు కలడు, దూరముననైనను కలడు. ఔషధము కలదు, పూర్వము కంటె చౌకగా కలదు. రోగి కలడు. లేనివాడు మూడవవాడు. రోగి గుణములలో జ్ఞప్తిని సయితము చరకుడు చేర్చెను. గుండె నొప్పి తగ్గిన మరునాటి నుండి మనిషికి మొట్టమొదట నశించునది ఆ జ్ఞప్తియే. మఱచిన రోగికి జ్ఞప్తి చేయువాడు, రాని రోగికొఱకు వెళ్లువాడు ఎవడో వాడే మూడవ పాదము. వాని చేతిలో నుండవలసిన ఆయుధము ఒక పుస్తకము.

ఈ మాట నా కల్పన కాదు. దీనిని చేసి చూపించిన గ్రామమొకటి బ్రిటనులోని వేల్స్ ప్రాంతమున కలదు. దాని పేరు గ్లిన్‌కోరుగ్. కొండలోయలోని బొగ్గుగని కూలీల పల్లె, జనసంఖ్య రమారమి రెండువేలు. 1961లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వైద్యుడు అచ్చట చేరెను. 1970లో అచ్చటి గని మూతబడెను, పని పోయినవారు ఎందఱో. సంపద గల పల్లె కాదు. అట్టిచోట ఆయన చేసిన పని చూడుడు. తన వద్దకు వచ్చినవారికి వచ్చిన జబ్బునకు మందిచ్చి పంపుటతో ఆయన తృప్తిపడలేదు. ఊరిలో రక్తపుపోటు ఎంతమందికి కలదు, వారిలో తనకు తెలియనివారెందఱు అని తన్నుతాను ప్రశ్నించుకొనెను. 1968 నుండి పెద్దలందఱ రక్తపుపోటును కొలుచుటకు పూనుకొనెను. దగ్గునకై వచ్చినవానికిని, దెబ్బకు కట్టు కట్టించుకొన వచ్చినవానికిని పోటు చూచి వ్రాసెడివాడు. కొన్నాళ్లకు పుస్తకములో పేరుండి కొలత లేనివారు కొలదిమంది మిగిలిరి. వారిని పిలిపించిరి, పిలిచినను రానివారి యిండ్లకు పోయిరి. తుదకు ఆ యూర కొలత లేని పెద్దవారు దాదాపు లేకపోయిరి.

ఆ వైద్యుడు ప్రచారములోనికి తెచ్చిన సగముల సూత్రమొకటి కలదు. రక్తపుపోటు గలవారిలో సగము మందికే తమకది కలదని తెలియును. తెలిసినవారిలో సగము మందికే చికిత్స జరుగును. చికిత్స పొందువారిలో సగము మందికే పోటు అదుపులో నుండును. దీనిని మన పద్దులోనికి దింపి చూతము. నూరుగురు రోగులు. తెలిసినవారు ఏబదిమంది. మందు వాడువారు ఇరువదియైదుగురు. మేలు పొందినవారు పండ్రెండుగురు. ఎనుబదియెనిమిది మంది వద్ద వైద్యశాస్త్రము ఓడిపోయినది. మందు పనిచేయక ఓడిపోలేదు, లెక్క సరిగా లేక ఓడిపోయినది. నూరు బస్తాలు గిడ్డంగిలో వేసి పండ్రెండు బస్తాలు చేతికి వచ్చిన సంఘమును ఏ తనిఖీదారుడైనను క్షమించునా?

గ్లిన్‌కోరుగులో ఇరువదియైదేండ్ల పనిని గూర్చిన నివేదిక 1991లో వెలువడినది. మన గ్రంథాలయపు వయస్సే అది. 65 ఏండ్లు నిండకముందే మరణించువారి సంఖ్య, అట్టి పేదతనమే గల పొరుగు పల్లెతో పోల్చగా, నూటికి 28 పాళ్లు తక్కువగా నున్నట్లు తేలెను. రెండు చిన్న పల్లెల పోలిక గావున దీనినే తిరుగులేని ఋజువుగా చెప్పరాదు. అయినను దారి చూపుటకు ఇది చాలును. ఆ వైద్యుడు 2018లో కీర్తిశేషుడయ్యెను.

ఋజువు కోరువారికి స్కాట్లండు ఈశాన్యభాగమున ఆబర్డీన్ ప్రాంతపు పరిశోధన కలదు. అచ్చట 19 వైద్యశాలలలో గుండెజబ్బు ఉన్నదని తేలిన 1343 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు యథాపూర్వముగా వైద్యము. రెండవ వర్గమునకు నర్సులు నడుపు ప్రత్యేక తరగతి. నర్సు రోగిని పిలిపించును, లక్షణములు అడుగును, ఆస్పిరిన్ వాడుచున్నాడా అని చూచును, రక్తపుపోటును క్రొవ్వును పరీక్షింపించును, నడకను, భోజనమును, పొగను గూర్చి మాటలాడును, మరల రావలసిన దినమును నిర్ణయించును. కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. 1998లో మొదటి యేటి ఫలితములు వెలువడినవి. పొగ మానుట యొక్క విషయమున తప్ప తక్కిన అన్నింటను నర్సుల వర్గము మెఱుగయ్యెను. 2003లో వెలువడిన తరువాతి నివేదిక మఱింత ఆలోచింపదగినది. సుమారు నాలుగున్నర యేండ్ల కాలములో నర్సుల వర్గమున 100 మంది మరణించిరి, ఇంచుమించు అంతే జనముగల రెండవ వర్గమున 128 మంది మరణించిరి. ఇరువదియెనిమిది ప్రాణముల తేడా. ఆ తేడాకు కారణము ఒక ఉపచారికయు, ఒక పట్టికయు, ఒక తారీఖును.

ఇక ఆ పట్టిక ఎట్లుండవలెనో చెప్పెదను. దీనికి ఆఱు గడులు చాలును. మొదటి గడిలో పేరు, వయస్సు. రెండవ గడిలో ఏ జబ్బు: గుండెపోటు వచ్చినదా, స్టెంటు వేసిరా, రక్తపుపోటు మాత్రమేనా, గుండె బలహీనమై నీరు పట్టుచున్నదా, చిన్ననాటి కీళ్లవాతము వలన కవాటము చెడినదా. మూడవ గడిలో వాడుచున్న మందులు. నాలుగవ గడిలో నేటి కొలతలు. ఐదవ గడిలో మరల రావలసిన తేది. ఇంతవఱకు ఏ ఆసుపత్రి పుస్తకములోనైనను ఉండును. నేను మనవి చేయునది ఆఱవ గడిని గూర్చి. ఆ తేదికి రాకున్న ఎవరు వెళ్లి అడిగిరి, కారణమేమి చెప్పిరి అనునది అందులో వ్రాయవలెను.

వచ్చినవారిని వ్రాయు పుస్తకము లోకములో ఎక్కడనైనను కలదు. రానివారిని చూపించు పుస్తకము అరుదు. నెల తుదిని పుస్తకము తెఱచి, ఐదవ గడిలో తేది దాటిపోయి నాలుగవ గడి ఖాళీగా నున్న పేర్లను ఏరి వ్రాయుటకు అరగంట పట్టును. సంఘములో మేము బకాయిదారుల జాబితాను ఇట్లే తీయుదుము. అప్పు కట్టినవాని యింటికి ఎవరును పోరు, కట్టనివాని యింటికే పోవుదురు.

ఆఱవ గడిలో వ్రాయబడు కారణములను చూచినచో ఏర్పాటులోని లోపములు తమంత తామే బయటపడును. ఒకడు నొప్పి లేదుగదా అని మానును. వానికి జబ్బు స్వభావమును మరల చెప్పవలెను. ఒకడు ఆస్పిరిన్‌తో కడుపు మండుచున్నదని మానును. ఒక తల్లికి మాత్ర వేసికొన్నది మొదలు పొడిదగ్గు విడువదు, ఒక పెద్దాయనకు పాదములు వాచును. రక్తపుపోటు మాత్రలలో కొన్నింటికి ఈ గుణములు కలవు. వైద్యుడు మందు మార్చినచో చాలును, మానవలసిన పని లేదు. కాని మానిన సంగతి వైద్యునికి తెలియవలెను గదా. ఒకరు కూతురి యింటికి పోయి అచ్చటనే నిలిచిపోవుదురు. వారి చేతికి చీటీ యిచ్చి పంపవలెను. ఊడ్పుల కాలమున కూలివారు ఒక్కరును రారు. పగటి పూట ఆసుపత్రికి వచ్చుట యనగా ఆనాటి కూలి పోగొట్టుకొనుట. అట్టివారిని తప్పుపట్టిన ప్రయోజనమేమి? సాయంకాలము చూచుటయు, నెలకొకమాఱు గాక రెండు మూడు నెలలకు సరిపడు మాత్రలు ఒకేమాఱు ఇచ్చుటయు మార్గము.

వైద్యసహాయము ఎవరికి ఎక్కువగా కావలెనో వారికే తక్కువగా అందుచుండునని ట్యూడర్ హార్ట్ 1971లో వ్రాసెను. తలక్రిందుల న్యాయము అనదగిన ఈ మాట నేడు లోకమంతట వైద్యులకు తెలిసినదే. మన యూరిలో దీనిని ఋజువు చేయుటకు పరిశోధన అక్కఱలేదు. పోటు చూపించుకొనుటకు పట్నము పోవువారు ఎవరు, పోలేనివారు ఎవరు అని వీధులవారిగా తలచుకొన్న చాలును. పుస్తకము లేని వైద్యము వచ్చినవానికే చేరును. పుస్తకమున్న వైద్యము మాత్రమే రాలేనివానిని కూడ లెక్కించును.

గుండె కవాటములు చెడిన పిల్లలను, చిన్నవయస్సు స్త్రీలను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. చిన్నతనమున గొంతునొప్పి తరువాత వచ్చు కీళ్లజ్వరము కొందఱిలో గుండె కవాటములను పాడుచేయును. మరల జ్వరము వచ్చినప్పుడెల్ల కవాటము మఱింత చెడును. దానిని నివారించుటకు మూడు వారములకో నాలుగు వారములకో ఒకమాఱు పెన్సిలిన్ సూది వేయించుకొనవలెను. ఇది ఏండ్ల తరబడి సాగవలసినది. ఇందు తేదియే ప్రాణము. ఈ జబ్బును అదుపు చేయుటకు పేర్ల పట్టిక యుండి తీరవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుండియు చెప్పుచున్నది. పదునాలుగేండ్ల బాలికకు తేదిని గుర్తుంచుకొను బరువును ఒక్కదానికే వదలిపెట్టుట న్యాయమా? పెండ్లియై అత్తవారింటికి పోయినచో ఆ పట్టికలోని పేరు అచ్చటి ఉపకేంద్రపు పట్టికలోనికి మారవలెను. భూమి చేతులు మారినప్పుడు పట్టా మారుటలేదా?

గుండె బలహీనమైనవారికి మఱొక చిన్న లెక్క కలదు. ప్రతిదినము ఉదయము కాలకృత్యములు తీర్చుకొని, ఆహారము తీసికొనకముందు బరువు చూచుకొని వ్రాసికొనవలెను. రెండు మూడు దినములలోనే రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నీరు. కాళ్లు వాచి ఆయాసము ముదురుటకు ముందే వైద్యునికి చెప్పుకొనవలెను. ఒక త్రాసు, ఒక పెన్సిలు ఆసుపత్రి చేరిక నొకదానిని తప్పించగలవు.

ఇంతవఱకు పుస్తకమును పొగడితిని. ఇక పుస్తకము వలన కలుగు కీడును కూడ లెక్కరిగా నేనే చెప్పవలెను. బ్రిటనులో 2004లో ఒక కొత్త పద్ధతి పెట్టిరి. గుండెజబ్బు గలవారి జాబితా ఉన్నదా, వారిలో నూటికెందఱి పోటు వ్రాయబడినది, ఎందఱి పోటు అదుపులో నున్నది అను లెక్కను బట్టి వైద్యశాలలకు అదనపు ధనమిచ్చుట దాని సారము. జాబితాలు త్వరగా ఏర్పడినవి, కొలతలు పెరిగినవి. కాని ధనము వచ్చు గడి మీదనే చూపు నిలుచునని, రోగి మాట వినుటకంటె పెట్టె నింపుట ముఖ్యమగునని విమర్శలును పుట్టినవి. స్కాట్లండు ఆ పద్ధతిని 2016లో విడిచిపెట్టెను.

ఈ సంగతి మనకు కొత్త కాదు. జమాబందీ నాటికి చావడిలో కూర్చుండి వ్రాసిన అడంగలునకును, చేను గట్టున నిలిచి వ్రాసిన అడంగలునకును తేడా మన పెద్దలకు తెలియును. రక్తపుపోటు పుస్తకములో సయితము దానిని కనిపెట్టవచ్చును. యంత్రము చూపిన అంకెలు నూట ముప్పదియేడు, నూట నలుబదిమూడు అని నానావిధములుగా నుండును. పుటంతయు 130, 140, 150 అని సున్నలతోనే నిండియున్నచో అందు కొన్ని అంకెలు కుర్చీలో పుట్టినవని సందేహింపవలెను. కొలుచుటకును ఒక పద్ధతి కలదు. ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, వీపును ఆనించి, చేతిని గుండె మట్టమున బల్లపై నుంచి, మాటలాడకుండ కొలిపించుకొనవలెను. సైకిలు దిగి రొప్పుచు వచ్చినవాని కొలత వాని గుండెది కాదు, సైకిలుది.

పుస్తకము పైవారి తనిఖీ కొఱకు గాక క్రిందివారి మేలుకొఱకు ఉండవలెనన్నచో, అందలి సంగతి గ్రామమునకు ఏడాదికొకమాఱైనను తెలియవలెను. పేర్లు కాదు, మొత్తములు మాత్రమే. ఇందఱు రోగులు, ఇందఱు క్రమముగా వచ్చిరి, ఇందఱ పోటు అదుపులో నున్నది, ఇందఱు మందు మానిరి, మందు నిల్వ లేని దినములు ఇన్ని. సంఘపు జమాఖర్చులను మహాసభలో చదువుచున్నాముగదా. దీనిని మాత్రము ఏల చదువరాదు?

మన దేశమున ఈ ప్రయత్నము లేదని నేననుటలేదు. 2010లో కేంద్రప్రభుత్వము మధుమేహము, గుండెజబ్బు, పక్షవాతము మొదలగువాని నివారణకు జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. 2017లో రక్తపుపోటు నియంత్రణకై మఱొక ఉద్యమము మొదలయ్యెను. మొదట ఐదు రాష్ట్రములలోని 25 జిల్లాలలో దానిని చేపట్టిరి. ఆ ఐదింటిలో తెలంగాణ ఒకటి. అందలి అంగములు ఐదు: అందఱికి ఒకే చికిత్సాక్రమము, మందుల నిల్వకు లోటు లేకుండుట, వైద్యునితో నర్సులును కార్యకర్తలును పని పంచుకొనుట, రోగి యింటికి దగ్గఱలోనే వైద్యము, ఎవరు వచ్చిరి ఎవరు రాలేదు అను లెక్క. వేల్స్ పల్లెలో ఒక్క వైద్యుడు చేసినదానినే జిల్లాల కొలతకు పెంచిరని చెప్పవచ్చును. మన పశ్చిమ గోదావరిలో కూడ ఆశా కార్యకర్తల చేతికి పలకవంటి యంత్రములనిచ్చి, గుండెజబ్బు రాదగినవారిని గుర్తించు ప్రయోగము జరిగినది. కావున మార్గము తెలియదని ఇక మనము చెప్పరాదు.

అయినను మార్గమునకును మన గుమ్మమునకును నడుమ కొంత దూరము మిగిలియున్నది. నాకు తెలిసిన కౌలురైతు ఒకరు ప్రభుత్వ పథకము క్రింద పట్నములో స్టెంటు వేయించుకొని వచ్చిరి. ఆసుపత్రివారు ఇచ్చిన మాత్రలు వాడిరి. ఉచితపు మాత్రలు అయిపోయిన తరువాత, నొప్పి లేదు గావున, ఎరువులకు చేతిలో డబ్బు లేదు గావున, మానివేసిరి. మానిన సంగతి ఆ ఆసుపత్రికి తెలియదు. ఉపకేంద్రమునకు ఆయనకు స్టెంటు వేసిన సంగతియే తెలియదు. రెండవమాఱు గుండెపోటు వచ్చినది. నేడు ఆయన బ్రతికియున్నారు గాని గడపదాటి పొలమునకు పోలేరు. మూడు చోట్ల మూడు పుస్తకములు ఉండవచ్చును. ఆయన పేరున ఒక పుట మాత్రము ఎచ్చటను లేకపోయినది. ఆసుపత్రి నుండి విడుదల చేసిన కాగితము రోగి పెట్టెలోనికి కాక ఊరి ఉపకేంద్రపు పుస్తకములోనికి రావలెను. ఇది మొదటి సవరణ.

ఇక మన గ్రంథాలయము చేయదగిన పని ఏమి? పుస్తకము తీసికొనిపోయి పదునైదు దినములు దాటినచో మన గ్రంథపాలకులు చీటీ వ్రాసి పంపుదురు. రెండవ చీటీకి రాకున్న బాలుని ఇంటికి పంపుదురు. రూపాయల విలువగల పుస్తకము కొఱకు ఇంత చేయు గ్రామము, మాత్రలు తీసికొనుటకు రాని మనిషి కొఱకు ఒక్కమాఱు తలుపు తట్టలేదా? గ్రంథాలయోద్యమమునకు ఈ గుణము పుట్టుకతోనే కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదపులివర్రు ప్రాంతపు కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపించిరి. పాఠకుడు రాలేడని పుస్తకమే పడవ యెక్కినది. వైద్యమునకు ఆ పడవను నేర్పుట మన వంతు.

నా సూచనలు నాలుగు. మొదటిది: నెలకు రెండు సాయంకాలములు మన పఠనమందిరపు వసారాను ఉపకేంద్రపు నర్సమ్మగారికి ఇచ్చి, రక్తపుపోటు చూచుటకు ఏర్పాటు చేయవలెను. దినపత్రిక చదువ వచ్చినవాడు చేయి చాపిన చాలును. రెండవది: పేర్ల పట్టిక నర్సమ్మగారి వద్దనే యుండవలెను గాని గ్రంథాలయములో నుండరాదు. ఒకని జబ్బు ఊరి ముచ్చట కాకూడదు. పెండ్లి సంబంధములు చూచుచున్న ఇండ్లలో ఈ వెఱపు న్యాయమైనదే. రానివాని యింటికి పోవు పని ఆశా కార్యకర్తది. రోగి స్వయముగా ఒప్పుకొని, తనకు నమ్మకమైన పొరుగువాని పేరు చెప్పినచో, ఆ పొరుగువాడు తోడుపడవచ్చును. మూడవది: చదువురానివారికి మందుచీటీ చదివి చెప్పుటకు, ఏ మాత్ర ఉదయము ఏది రాత్రి అని సూర్యుని, చంద్రుని బొమ్మలతో కాగితముపై వ్రాసి యిచ్చుటకు, మన కళాశాల విద్యార్థులు వంతుల వారిగా కూర్చుండవలెను. మందు మార్చుట, మానుమనుట వారి పని కాదు. నాలుగవది: ఛాతీలో పిండినట్టి నొప్పి, చెమట, ఎడమచేతికో దవడకో ప్రాకు బాధ, ఆయాసము, ఇవి కనిపించినచో గ్యాసు అని సోడా త్రాగించుచు కాలము పోగొట్టక వెంటనే 108కి ఫోను చేయవలెనని పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు కట్టవలెను. నొప్పి మొదలైన తరువాత ఒక్కొక్క నిమిషమును గుండె కండరము చచ్చుచుండును.

లెక్కలతో గుండె కుదుటపడునా అని నవ్వువారికి భారతమునుండి ఒక కథ జ్ఞాపకము చేయుదును. కలి పట్టి రాజ్యము పోగొట్టుకొన్న నలుడు ఋతుపర్ణునకు సారథియై రథము తోలుచుండెను. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులెన్నో కాయలెన్నో చూచినంతనే చెప్పెను. నలుడు వినినంతనే నమ్మలేదు. రథమును నిలిపి, చెట్టును కొట్టించి, తాను స్వయముగా లెక్కించి సరిచూచుకొనెను. పిదప ఆ విద్యను ఉపదేశము పొందెను. ఆ విద్య పేరు అక్షహృదయము. అది లోపల ప్రవేశించినంతనే ఇన్నాళ్లును శరీరములో దాగియున్న కలి వెలుపలికి వచ్చివేసెను. నాకు ఈ కథలో రెండు సంగతులు ప్రీతికరములు. ఒకటి, లోపల దాగిన కీడు లెక్క తెలిసినప్పుడు నిలువలేకపోవుట. రెండవది, ఎంతటివాడు చెప్పినను నలుడు తాను స్వయముగా ఎంచి చూచుట. రక్తపుపోటు కలివంటిదే. లోపల నుండును, నొప్పి చూపదు, రాజ్యము పోవు వఱకు దాని ఉనికి తెలియదు. దానిని బయటికి లాగుటకు కొలత తప్ప మార్గము లేదు.

సభాసదులారా! ఈ గ్రంథాలయపు మొదటి సభ్యుల జాబితా నేటికిని మన బీరువాలో భద్రముగా నున్నది. దానిలో చాలమంది పేర్ల ప్రక్కన నేడు కీర్తిశేషులని వ్రాసికొనవలసి వచ్చినది. వారిలో ఎందఱు అరువదియేండ్లు నిండకముందే పోయిరో మీలో ప్రతి యొక్కరికిని తెలియును. మరల ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. నేడు ఈ సభలో కూర్చున్నవారిలో నాడు ఎందఱు వచ్చి కూర్చుందురు అనునది కొంతవఱకు దైవాధీనము, కొంతవఱకు వచ్చే నెల మొదటి సాయంకాలము వసారాలో బల్ల వేయుదుమా లేదా అను దానిపై నున్నది. బల్లయు, రెండు కుర్చీలును మన సంఘము నుండి తెచ్చు పూచీ నాది. తక్కిన పూచీని కార్యవర్గమువారును, నర్సమ్మగారును, మీరును వహింతురని నమ్ముచున్నాను.